పన్నెండు సీఎం4 మాడ్యూళ్లను ర్యాక్‌లో కూర్చోబెట్టే క్యారియర్ బోర్డు: లేఔట్‌కి ముందు సలహా కావాలి

కొత్తబోర్డు

అందరికీ నమస్కారం. నా దగ్గర పన్నెండు రాస్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4లు (సీఎం4, చిన్న కంప్యూటర్లు; వీటిని కూర్చోబెట్టే బోర్డే క్యారియర్ బోర్డు) ఉన్నాయి. ప్రస్తుతం అన్నీ వాటి ఐఓ బోర్డుల మీదే నడుస్తున్నాయి. ఒక్కో బోర్డు 160 × 90 మి.మీ. ఒక్కోదానికి ఒక అడాప్టరు, ఒక నెట్‌వర్క్ కేబులు. ఏదన్నా ఒకటి బిగుసుకుపోతే దాని కరెంటు వైరు ఏదో వెతుక్కునేలోపు పక్కదాని వైరు ఊడొస్తోంది. వీటన్నిటినీ 19 అంగుళాల ర్యాక్‌లో ఒక పద్ధతిగా పెట్టాలని నా పట్టుదల.

నేను అనుకున్నది ఇదీ: 1యూ (ర్యాక్‌లో ఒక గడి ఎత్తు) పెట్టె, అందులో పడుకోబెట్టిన మూడు బోర్డులు, ఒక్కో బోర్డు మీద నాలుగు మాడ్యూళ్లు, నాలుగు ఎం.2 ఎస్‌ఎస్‌డీలు. ఒకే పెద్ద 5 వోల్టుల సప్లై నుంచి అన్నిటికీ కరెంటు. మాడ్యూల్ పాడైతే మూత తీసి, దాన్ని ఊడదీసి ఇంకోటి నొక్కడం. కీక్యాడ్‌లో (బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, దాదాపు పూర్తయింది. ఐఓ బోర్డు డిజైన్ ఫైళ్లు కూడా కీక్యాడ్‌లోనే దొరుకుతాయి కాబట్టి చాలావరకు అక్కడి నుంచే తెచ్చుకున్నాను. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

ర్యాక్‌మనిషి

స్కీమాటిక్ పక్కన పెట్టి ముందు పెట్టె గీయండి. ర్యాక్ పనిలో బోర్డు ఆకారాన్ని నిర్ణయించేది సర్క్యూట్ కాదు, రేకు.

1యూ అంటే 44.45 మి.మీ. పైనా కిందా ఉన్న పెట్టెలు ఒరుసుకోకుండా ముందు ప్యానెల్‌ని దాదాపు 43.7 మి.మీ.కే కోస్తారు. ప్యానెల్ వెడల్పు చెవులతో కలిపి 482.6. కానీ స్తంభాల మధ్య దూరాల్సిన పెట్టెకి దొరికేది 450 మాత్రమే. బిగించే రంధ్రాలు కూడా సమాన దూరంలో ఉండవు: 15.875, 15.875, 12.7, మళ్లీ అదే వరస. ఈ ఒక్క సంగతి మరిచిపోయి ప్యానెల్ కోయించుకుని, తర్వాత ఆకురాయితో రంధ్రాలు సాగదీసుకున్నవాళ్లని చూశాను.

ఇక మీ ఆలోచన గురించి. నాలుగు మాడ్యూళ్లున్న బోర్డులో ఒక రెగ్యులేటర్ పోయిందనుకోండి, బాగున్న మూడింటినీ ఆపాలి. మూత తీయాలంటే పెట్టె మొత్తాన్ని ర్యాక్‌లోంచి బయటికి లాగాలి, అంటే పన్నెండూ ఆగాలి. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఒకటి చెడితే మీరు చేత్తో పట్టుకుని బయటికి లాగేది ఏమిటి? మాడ్యూలా, కార్డా, పెట్టెనా? దానికి జవాబు దొరికితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

నన్నడిగితే 3యూ (మూడు గడుల ఎత్తు) యూరోకార్డ్ పద్ధతి తీసుకోండి. కార్డు 100 × 160 మి.మీ., నిలువుగా, పట్టాల మీద జారుతూ లోపలికి వెళుతుంది. వెడల్పుని హెచ్‌పీల్లో కొలుస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మి.మీ. మొత్తం 84 హెచ్‌పీలు. ఒక్కో కార్డుకి 4 హెచ్‌పీలు, అంటే 20.32 మి.మీ. ఇస్తే పన్నెండు కార్డులకి 48. మిగిలిన 36 హెచ్‌పీల్లో పవర్ సప్లై హాయిగా కూర్చుంటుంది.

పొగలేనిటంకం

> దాన్ని ఊడదీసి ఇంకోటి నొక్కడం

దయచేసి ఈ మాట మీద డిజైన్ కట్టకండి. మాడ్యూల్ కింద ఉండేవి హిరోసే డీఎఫ్40 కనెక్టర్లు, రెండు, ఒక్కోదానికి 100 కాళ్లు, కాలికీ కాలికీ మధ్య 0.4 మి.మీ. ఇవి తీసి పెట్టడానికి లెక్కగట్టింది 30 సార్లే. పాత సీఎం3లా మెమరీ స్టిక్ సాకెట్ కాదు ఇది.

నా బల్ల మీదికి రిపేరుకొచ్చే క్యారియర్ బోర్డుల్లో ఎక్కువగా కనిపించే గాయం ఇదే: తొందరలో ఒక మూల పట్టుకుని మాడ్యూల్‌ని ఎత్తుతారు. రెండు కనెక్టర్లూ ఒకేసారి రావాలి కదా, ఒకటి వచ్చి రెండోది ఇరుక్కుని మెలితిరుగుతుంది. ప్లాస్టిక్ చివర సన్నగా చీలుతుంది, ఆ కొసన ఉన్న రెండు మూడు కాళ్లు రాగి ప్యాడ్‌తో సహా లేచొస్తాయి. ప్యాడ్ లేచిపోయాక అతికించడం చాలా కష్టం. మాడ్యూల్‌ని ఒకసారి నొక్కి, నాలుగు ఎం2.5 స్క్రూలు బిగించి, ఇక మరిచిపోయేలా ఉండాలి. మార్చాల్సింది కార్డుని.

కొత్తబోర్డు

సరే, ఒప్పుకున్నాను. ఒక కార్డు, ఒక మాడ్యూల్. కానీ 1యూలోనే నిలువు కార్డులు పెట్టలేమా? ర్యాక్‌లో చోటు తక్కువ.

ర్యాక్‌మనిషి

పెట్టొచ్చు. అలా చేసినవాళ్లూ ఉన్నారు. కార్డు ఎత్తు 40 మి.మీ.కి అటూ ఇటూగా, పొడవు బాగా ఎక్కువగా వస్తుంది. మాడ్యూల్, ఎస్‌ఎస్‌డీ, రెగ్యులేటరు అన్నీ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. గాలి కూడా ముందు నుంచి వెనక్కి ఆ వరసలోనే పోతుంది కాబట్టి చివరున్నదానికి అందేది అప్పటికే వేడెక్కిన గాలి. ఫ్యాన్ 40 మి.మీ.కి మించి పట్టదు, చిన్న ఫ్యాన్ అంత గాలి తోయాలంటే బాగా వేగంగా తిరగాలి. మనుషులు కూర్చునే గదిలో ఉండే ర్యాక్ అయితే ఆ కీచుమోత భరించలేరు. చోటు మరీ ఇరుకైతే తప్ప 3యూ.

రాగిదారి

ఇప్పుడు 5 వోల్టుల సంగతి. ఇది మాటల్లో కాదు, లెక్కలో చూడాలి.

మాడ్యూల్ బాగా పనిచేస్తున్నప్పుడు 7 వాట్ల దాకా, చిన్న ఎస్‌ఎస్‌డీతో కలిపి కార్డుకి 10 వాట్లు అనుకుందాం. పన్నెండు కార్డులకి 120 వాట్లు. 5 వోల్టుల దగ్గర అది 24 ఆంపియర్లు. మామూలు 35 మైక్రాన్ల రాగికి చదరానికి (పొడవూ వెడల్పూ సమానమైన ముక్కకి) అర మిల్లీఓం నిరోధం. బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నీ వెనక గుచ్చుకునే బోర్డు) మీద పవర్ దారి 400 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు అయితే ఇరవై చదరాలు, అంటే 10 మిల్లీఓంలు. కార్డులు దారి పొడవునా పంచుకుని ఉంటాయి కాబట్టి చివరి కార్డు దగ్గర పడే వోల్టేజీ సుమారు సగం లెక్కన 120 మిల్లీవోల్టులు. తిరుగు దారి కూడా అంతే వెడల్పైతే ఇంకో 120. మొత్తం 240. సీఎం4కి కావాల్సింది 4.75 నుంచి 5.25 వోల్టులు. అంటే మీకున్న 250 మిల్లీవోల్టుల వెసులుబాటునంతా రాగే మింగేసింది. కనెక్టర్లూ ఫ్యూజులూ ఇంకా లెక్కలోకే రాలేదు.

అదే బ్యాక్‌ప్లేన్ మీద 24 వోల్టులు పంపండి. కరెంటు 5 ఆంపియర్లు. పడేది అటూ ఇటూ కలిపి 50 మిల్లీవోల్టులు, పైగా అది ఎవరికీ పట్టదు, ఎందుకంటే ప్రతి కార్డు మీదా ఒక బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) తన 5 వోల్టుల్ని తానే తయారుచేసుకుంటుంది. ఒక కార్డులో షార్ట్ అయితే దాని ఫ్యూజే పోతుంది, పక్కవాటికి తెలియను కూడా తెలియదు.

ఒక్క జాగ్రత్త. నడుస్తున్న ర్యాక్‌లోకి కార్డుని తోసే క్షణం చాలా ప్రమాదకరమైనది. నేను మొదటిసారి చేసినప్పుడు కార్డు మీద సెరామిక్ కెపాసిటర్లు మాత్రమే పెట్టాను. సప్లై నుంచి వచ్చే వైర్ల ఇండక్టెన్సూ ఆ కెపాసిటర్లూ కలిసి ఊయలలా ఊగుతాయి. 24 వోల్టులు ఇచ్చిన చోట స్కోపు మీద 40 దాటి లేచింది. 36 వోల్టులు తట్టుకునే బక్ చిప్ మూడోసారికి పోయింది. ఇన్‌పుట్ దగ్గర సెరామిక్‌ల పక్కనే ఒక ఎలక్ట్రోలిటిక్ పెట్టండి, దాని లోపలి నిరోధమే ఆ ఊపుని ఆపుతుంది. ఒక టీవీఎస్ డయోడ్ (వోల్టేజీ ఎగిరితే మింగేసేది) పెట్టండి. వీటి ముందు కరెంటుని మెల్లగా వదిలే హాట్‌స్వాప్ కంట్రోలరో ఈ-ఫ్యూజో ఉండాలి. చిప్ కూడా 24కి సరిపడా అని కాకుండా 60 వోల్టుల రకం తీసుకోండి.

నాలుగుపొరలు

ఇంకో దారి కూడా ఉంది, నిర్ణయించుకునే ముందు చూడండి. పీఓఈ, అంటే ఈథర్‌నెట్ కేబుల్లోనే కరెంటు. 802.3ఏటీ ప్రమాణం ప్రకారం స్విచ్ 30 వాట్లు ఇస్తే కార్డుకి 25.5 వాట్లు చేరతాయి. నెట్‌వర్కూ కరెంటూ ఒకే కేబుల్లో. బ్యాక్‌ప్లేనే అక్కర్లేదు, స్విచ్‌లో పోర్టు ఆపి వేస్తే కార్డు రీస్టార్ట్ అయిపోతుంది.

రాగిదారి

మంచి దారే. కానీ ప్రతి కార్డు మీదా ట్రాన్స్‌ఫార్మర్‌తో ఐసొలేటెడ్ (రెండు వైపులకీ వైరు సంబంధం లేని) కన్వర్టర్ కావాలి. కేబుల్ వైపుకీ మిగతా కార్డుకీ మధ్య 1500 వోల్టులు తట్టుకునే ఎడం, అన్ని పొరల్లోనూ రాగి లేని పట్టీ వదలాలి. ఆ కన్వర్టర్ వేడి కూడా కార్డు మీదే. పైగా సీరియల్ కన్సోల్ (మాడ్యూల్ సందేశాలు చూసే వైరు) కోసం అన్ని కార్డుల గ్రౌండ్‌లూ ఒక చోట కలిపితే ఒక కార్డుకీ ఇంకో కార్డుకీ ఐసొలేషన్ లేనట్టే. దూరదూరంగా ఉండే కార్డులకి పీఓఈ చక్కటి పరిష్కారం. ఒకే పెట్టెలో పన్నెండు పక్కపక్కనే ఉన్నప్పుడు 24 వోల్టుల బ్యాక్‌ప్లేనే తేలిక.

కొత్తబోర్డు

24 వోల్టుల వైపే మొగ్గుతున్నాను. ఈథర్‌నెట్ మాత్రం ముందు ప్యానెల్ మీదే. బ్యాక్‌ప్లేన్‌కి పీసీఐఈ ఎక్స్1 స్లాట్ (డెస్క్‌టాప్‌లో అదనపు కార్డులు గుచ్చే రకం) కనెక్టర్ వాడదామనుకుంటున్నాను. కార్డు అంచునే బంగారుపూత వేళ్లుగా చేయించుకోవచ్చు, కార్డు వైపు కనెక్టరే అక్కర్లేదు.

ర్యాక్‌మనిషి

వద్దండీ. అచ్చం పీసీఐఈలా కనిపించి పీసీఐఈ కానిదాన్ని తయారుచేయకండి. ఇవాళ మీకు తెలుసు. రెండేళ్ల తర్వాత ఎవరో ఒక మామూలు పీసీఐఈ కార్డుని మీ బ్యాక్‌ప్లేన్‌లో గుచ్చితే 12 వోల్టులో 3.3 వోల్టులో ఉండాల్సిన చోట 24 వోల్టులు తగులుతాయి.

యూరోకార్డ్‌తో పుట్టిపెరిగిన కనెక్టర్ ఒకటుంది కదా, డిన్ 41612. 2.54 మి.మీ. ఎడం, చేత్తో సోల్డర్ చేసుకోవచ్చు. క్లాస్ 2 రకం 400 సార్లు తీసి పెట్టినా నిలుస్తుంది. డీఎఫ్40 ముప్పైతో పోల్చి చూడండి. మీకు 96 కాళ్లు అక్కర్లేదు, సగం పొడవుదీ దొరుకుతుంది. ముందుగా తగిలే పొడుగు కాళ్ల రకంలో గ్రౌండ్‌ని ఆ పొడుగు కాళ్లకి ఇవ్వండి. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు మొదట కలవాల్సింది, బయటికి వచ్చేటప్పుడు చివర విడాల్సింది గ్రౌండే.

కార్డు పైఅంచూ కిందిఅంచూ పట్టాల్లో దూరతాయి కాబట్టి ఆ రెండు అంచుల వెంబడీ 2.5 మి.మీ. ఏమీ పెట్టకండి, ట్రేసు (రాగి గీత) కూడా.

నాలుగుపొరలు

వేగంగా పరిగెత్తే సిగ్నళ్ల గురించి నేను చెబుతాను.

ముందు ఊరటనిచ్చే విషయం. గిగాబిట్ ఈథర్‌నెట్ ఫై చిప్ (కేబుల్ మీద సిగ్నల్ నడిపేది) మాడ్యూల్ మీదే ఉంది. మీరు పెట్టాల్సింది మాగ్నెటిక్స్ (చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) లోపలే ఉన్న ఆర్‌జే45 జాక్ మాత్రమే. జాక్ ఎత్తు సుమారు 13.5 మి.మీ., 4 హెచ్‌పీల్లో సరిగ్గా పడుతుంది. నాలుగు జతల ట్రేసుల ఇంపిడెన్సూ 100 ఓంలు. పీసీఐఈ జతలూ యూఎస్‌బీ జతా 90 ఓంలు. నాలుగు పొరల బోర్డు చాలు: పై పొరలో సిగ్నళ్లు, రెండో పొర మొత్తం గ్రౌండ్. ఆ గ్రౌండ్‌ని ఎక్కడా చీల్చకండి. ట్రేసు వెడల్పు ఏదో బోర్డు ఫైల్లోంచి కాపీ కొట్టొద్దు. మీ బోర్డు తయారుచేసేవాళ్ల పొరల మందాలు తీసుకుని లెక్కకట్టండి. పైపొరకీ గ్రౌండ్‌కీ మధ్య దూరం మారితే వెడల్పు మారుతుంది.

పీసీఐఈలో చాలామంది పొరబడేది కెపాసిటర్ల దగ్గర. క్లాక్‌కీ, మాడ్యూల్ పంపే జతకీ కెపాసిటర్లు మాడ్యూల్ మీదే ఉన్నాయి, మీరు మళ్లీ పెట్టకూడదు. మాడ్యూల్ అందుకునే జతకి కెపాసిటర్లు పంపేవాడి దగ్గరుండాలి, ఎస్‌ఎస్‌డీ అయితే అవి దాని మీదే ఉంటాయి. కాబట్టి ఎం.2 సాకెట్‌కి మీ బోర్డు మీద అసలు ఒక్కటీ అక్కర్లేదు. క్లాక్ రిక్వెస్ట్ కాలిని కిందికి (సున్నా వోల్టులకి) లాగితేనే క్లాక్ వస్తుంది, దాన్ని సాకెట్‌కి కలపడం మరవకండి. సీఎం4లో ఉన్నది పీసీఐఈ రెండో తరం (జెన్ 2), ఒక్క లేన్ (పంపే జత, అందుకునే జత). లేన్‌లో ప్లస్ మైనస్‌లు తారుమారైనా పనిచేస్తుంది, కాబట్టి దారులు చిక్కుపడితే వయాలు (పొరలని కలిపే రంధ్రాలు) వేయకుండా తిప్పేయండి.

ఎస్‌ఎస్‌డీకి 3.3 వోల్టులు మాడ్యూల్ నుంచి తీసుకోవద్దు. మాడ్యూల్ బయటికివ్వగలిగేది 600 మిల్లీఆంపియర్లే. 3 ఆంపియర్ల వేరే బక్ పెట్టి, దాని ఎనేబుల్‌ని మాడ్యూల్ 3.3 వోల్టుల కాలితో నడిపించండి. మాడ్యూల్ లేచాకే ఎస్‌ఎస్‌డీ లేస్తుంది.

కొత్తబోర్డు

ఆరు వారాల తర్వాత వస్తున్నాను. మొదటి రెండు కార్డులు సోల్డర్ చేశాను. రెండూ బూట్ అయ్యాయి! 5 వోల్టులు మల్టీమీటర్ మీద 5.08. ఎస్‌ఎస్‌డీలు కనిపిస్తున్నాయి. చాలా సంతోషంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు.

కానీ రెండో కార్డు ఈథర్‌నెట్ 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతోంది. కేబుల్ మార్చాను, స్విచ్ పోర్టు మార్చాను, మొదటి కార్డు మాడ్యూల్ తెచ్చి దీంట్లో పెట్టాను. అదే 100. మొదటి కార్డు మాత్రం 1000. లేఔట్‌లో జతల పొడవులు తేడా వచ్చి ఉంటాయా?

పొగలేనిటంకం

లేఔట్ కాదు. రెండు కార్డులదీ ఒకే లేఔట్, ఒకటి పనిచేస్తోంది. 1000కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. ఇరువైపులా మాట్లాడుకుని వేగం ఒప్పుకోవడం మొదటి రెండు జతల మీదే జరుగుతుంది. మూడోదో నాలుగోదో తెగి ఉంటే 1000కి ఒప్పుకుని, కుదరక 100కి దిగిపోతాయి. డీఎఫ్40లో ఈథర్‌నెట్ కాళ్లు చూడండి. లెన్సు కింద పెట్టి, పక్క నుంచి లైటు వేసి చూడాలి. పైనుంచి చూస్తే అన్నీ అతుక్కున్నట్టే మెరుస్తాయి. సన్నటి సూది మొనతో ఒక్కో కాలినీ పక్కకి మెల్లగా తాకండి. అతికింది కదలదు.

కొత్తబోర్డు

దొరికింది! నాలుగో జతలో ఒక కాలు. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. సూదితో తాకితే వెంట్రుకంత కదిలింది. కాలి కింద సోల్డర్ గుండ్రటి బుడగలా ఉంది, కాలు దాని మీద ఆనుకుని ఉందంతే, తడిసి కలవలేదు. ఫ్లక్స్ రాసి సన్న మొనతో ఒక్క క్షణం తాకించాను. సోల్డర్ కాలి మడమ మీదికి పాకడం లెన్సులో కళ్లారా చూశాను. ఇప్పుడు 1000.

పొగలేనిటంకం

చాలా సంతోషం. మిగతా పదింటికీ స్టెన్సిల్ (సోల్డర్ పేస్టు పూసే రంధ్రాల రేకు) 0.1 మి.మీ. మందందే వాడండి. పేస్టు వేశాక కనెక్టర్ని పైనుంచి గట్టిగా అదమకండి, కాళ్లన్నీ ఒకే మట్టంలో లేకపోతే కొన్ని ఇలాగే తేలతాయి.

నిశ్శబ్దపంకా

వేడి గురించి ఇంకా ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను. హీట్‌సింక్ రెక్కలు ఎటు తిరిగి ఉన్నాయి? యూరోకార్డ్‌లో గాలి కింది నుంచి పైకి పోతుంది, కాబట్టి రెక్కలు కార్డు 100 మి.మీ. అంచుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే ప్రతి రెక్కా గాలికి గోడే. మాడ్యూల్‌ని కింద, ఎస్‌ఎస్‌డీని పైన పెట్టారా, తిప్పి పెట్టారా? ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ఎస్‌ఎస్‌డీ గాలివాటున పైనుంటే ఆ వేడంతా దానికే.

ఇంకోటి, ఖాళీ స్లాట్లకి ప్యానెల్ మూతలు పెట్టండి. గాలి తేలిక దారినే వెతుక్కుంటుంది. కార్డుల సందుల్లో దూరడం మానేసి ఖాళీ స్లాట్లోంచి నేరుగా పోతుంది.

కొత్తబోర్డు

రెక్కలు అడ్డంగానే ఉన్నాయి. హీట్‌సింక్ చతురస్రం కాదు కాబట్టి తిప్పితే స్క్రూ రంధ్రాలు కలవవు. మీ సందేశం చూశాక రెక్కలు రెండువైపులా కోసినట్టుండే, నిలువు పుల్లల రకం తెప్పిస్తున్నాను. ఎస్‌ఎస్‌డీ మాడ్యూల్ పక్కన, విడి గాలివాటులో ఉంది, అది అదృష్టవశాత్తూ సరిపోయింది. కింద 1యూ ఫ్యాన్ ట్రే పెడుతున్నాను.

ఒక ప్రశ్న. బ్యాక్‌ప్లేన్ మీద చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి, దాంతో ఒక్కో కార్డుని ఆపి వేయాలని, సీరియల్ కన్సోల్ కూడా చూడాలని ఆశ.

రాగిదారి

తప్పకుండా పెట్టండి, మీ మొదటి సందేశంలో ఉన్న కష్టానికి అసలు మందు అదే. మాడ్యూల్ మీది గ్లోబల్_ఈఎన్ కాలిని కిందికి లాగితే మాడ్యూల్ పవర్ ఆగుతుంది, రన్_పీజీ లాగితే రీసెట్. రెంటినీ ఓపెన్ డ్రెయిన్‌తోనే (కిందికి లాగడమే తప్ప పైకి తోయనిది) లాగండి. గ్లోబల్_ఈఎన్‌ని మాడ్యూలే 5 వోల్టుల వైపు లాగి పెట్టుకుంటుంది, మీ 3.3 వోల్టుల కాలిని నేరుగా దానికి తగిలించకూడదు.

సీరియల్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. మాడ్యూల్ ఆగి ఉన్నప్పుడు మీ మైక్రోకంట్రోలర్ పంపే కాలు 3.3 వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది. ఆ వోల్టేజీ మాడ్యూల్ కాలిలోంచి లోపలికి జారి, ఆగిపోవాల్సిన చిప్‌ని సగం ప్రాణంతో ఉంచుతుంది. తర్వాత పవర్ ఇచ్చినా సరిగ్గా లేవదు. పవర్ లేనప్పుడు పూర్తిగా విడిపోయే రకం బఫర్ మధ్యలో పెట్టండి, దానికి పవర్ మాడ్యూల్ 3.3 వోల్టుల నుంచే ఇవ్వండి.

ఎన్‌ఆర్‌పీఐబూట్ (యూఎస్‌బీ నుంచి బూట్ చేయించే) కాలికి ముందు ప్యానెల్ మీద చిన్న బటన్, దాని పక్కన యూఎస్‌బీ సాకెట్. ఈఎంఎంసీలోకి (మాడ్యూల్ మీది నిల్వ చిప్) మళ్లీ ఇమేజ్ ఎక్కించడానికి కార్డుని బయటికి తీయక్కర్లేదు.

పక్కస్లాట్

ఈ చర్చ మొత్తం చదివాను, ఎంతో నేర్చుకున్నాను. ఇదే కార్డులో సీఎం5 పెట్టొచ్చా?

నాలుగుపొరలు

2024 నవంబరులో వచ్చిన సీఎం5ది అదే 55 × 40 మి.మీ. కొలత, అవే కనెక్టర్లు. పీసీఐఈ, ఈథర్‌నెట్ ఉన్నచోటే ఉన్నాయి. సీఎం4లో కెమెరాకీ డిస్‌ప్లేకీ వెళ్లిన కొన్ని కాళ్లు మాత్రం ఇందులో యూఎస్‌బీ 3కి వెళ్లాయి. ఈ కార్డులో వాటిని వాడలేదు కాబట్టి ఇబ్బంది లేదు. చూసుకోవాల్సినవి రెండు. రన్_పీజీ ఉన్న కాలు సీఎం5లో పవర్ బటన్‌ది అయింది, కాబట్టి రీసెట్ తీరు మారుతుంది. రెండోది కరెంటు. సీఎం5 కోసమైతే 5 వోల్టుల బక్ 5 ఆంపియర్లు ఇచ్చేదై ఉండాలి, హీట్‌సింక్ కూడా పెరగాలి.

కొత్తబోర్డు

పన్నెండు కార్డులూ ర్యాక్‌లోకి ఎక్కాయి. బఫర్ మార్పుతో రెండో విడత బోర్డులు ఇవి. నిన్న నడుస్తున్న పెట్టెలోంచి ఐదో కార్డుని లాగి మళ్లీ పెట్టాను. పక్కవాటిలో ఒక్కటి కూడా ఉలిక్కిపడలేదు, అన్నిటి థ్రాటిల్ (వేగం తగ్గింపు) రిపోర్టూ సున్నాయే. చివరి స్లాట్ దగ్గర 24 వోల్టులు 23.9 ఉంది. కీక్యాడ్ ఫైళ్లు, ప్యానెల్ డ్రాయింగూ కింద జతచేశాను.

పొగలేనిటంకం

ఫైళ్లు చూశాను. మాడ్యూల్ కింద స్పేసర్లు ఎంత ఎత్తువి పెట్టారో డ్రాయింగులో లేదు. మీ కనెక్టర్ 1.5 మి.మీ. రకం, స్పేసరూ సరిగ్గా 1.5 ఉండాలి. 2 పెడితే కనెక్టర్ పూర్తిగా కూర్చోదు, తక్కువైతే స్క్రూ బిగించేకొద్దీ మాడ్యూల్ వంగుతుంది.

కొత్తబోర్డు

1.5వే పెట్టాను. డ్రాయింగులో రాసి ఫైలు మార్చాను.